జైసల్మేర్ బదులు రోళ్లపాడు

మా వాడు ఆరో తరగతి. బడిలో ఇచ్చిన ప్రాజెక్టు కోసం బట్టమేక పిట్ట బొమ్మ అంటించి, కింద "నివాసం: రాజస్థాన్‌లోని డెజర్ట్ నేషనల్ పార్కు" అని రాశాడు. కళ్లద్దాలు సవరించుకుని ఆ బొమ్మ చూసిన మా నాయన, "ఇదేంటికి రాజస్థాన్‌ది అయితాదిరా? మా చేన్లో తిరిగేది" అన్నాడు. వాడు నమ్మలేదు. నాయన పుట్టింది మిడుతూరు దగ్గర పల్లెలో అని వాడికి తెలుసు కానీ, ఆ పల్లె పక్కనే రోళ్లపాడు ఉందనీ, ఒకప్పుడు ఈ పిట్టకు అది పేరుమోసిన చోటనీ తెలియదు.

అప్పట్నుంచి ఇంట్లో ఒకటే పోరు, జైసల్మేర్ పోదామని. 3,162 చదరపు కిలోమీటర్ల ఎడారి పార్కు, ఒంటెలు, ఇసుక తిన్నెలు. కర్నూలు నుంచి రైళ్లు చూశాను, నాకున్న సెలవులు చూశాను, నాయన మోకాళ్లు చూశాను. చివరికి మా ఆవిడే తేల్చేసింది. "ఇసుకే కావాలంటే అనంతపురం జిల్లాలో దిబ్బలు దిబ్బలుగా ఉందంట. పిట్టలే కావాలంటే మా సిద్ధవటం పక్క కలివికోడి ఉంది. ఎట్లాగూ పండక్కి మా అమ్మవాళ్లింటికి కడప పోవాల్సిందే కదా, ఒక నాలుగు రోజులు ముందు బయలుదేరి చుట్టూ తిరిగి పోదాం." ఖర్చు ఆమె లెక్కేసింది, దారి నేను గీశాను. వాడు ఒక నోటుబుక్కు తీసుకుని మధ్యలో గీత కొట్టి, ఒక పక్క "చూసినవి", ఇంకో పక్క "చూడాల్సినవి" అని రాసుకున్నాడు. చిన్నదానికి ఆరేళ్లు. దానికి కారులో కిటికీ పక్క సీటు దొరికితే చాలు.

మొదటి రోజు

పొద్దున్నే బయలుదేరాలనుకున్నాం. నాయన మంకీ క్యాప్ దొరకలేదు. అది దొరికేసరికి భోజనాల వేళయింది, తినేసరికి రెండయింది. జనవరి కాబట్టి ఎండ బాధ లేదు. కర్నూలు నుంచి రోళ్లపాడు 45 కిలోమీటర్లు ఉంటుంది. నందికొట్కూరు దాటి మిడుతూరు వైపు తిరగ్గానే నల్లరేగడి మొదలైంది. రెండు పక్కలా మోకాలెత్తు శనగ చేలు. నాయన కారు ఆపించి, దిగి, ఒక కొమ్మ తుంచి పిల్లల చేతికిచ్చాడు. శనగాకు మీద పులుపు ఉంటుంది, నాలుకతో అద్దుకుంటే తెలుస్తుంది. చిన్నది మొహం వంకర పెట్టి, ఇంకోటి కావాలంది.

"ఇదంతా మెట్ట. అప్పుడు కొర్రలు, జొన్నలు, పత్తి. సగం బీడే" అన్నాడు నాయన. ఇప్పుడు బీడు కనిపించదు. కాలువలొచ్చాయి, బోర్లొచ్చాయి, అలగనూరు దగ్గర జలాశయం కట్టారు. రైతుకు మంచే జరిగింది. పిట్టకు మాత్రం ఆ బీడే ఇల్లు.

రోళ్లపాడును అభయారణ్యంగా ప్రకటించింది 1988లో. అంతా కలిపి ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అరణ్యం అనగానే చెట్లు ఊహించుకుంటాం గానీ ఇక్కడ ఉన్నది గడ్డి. జనవరికి ఎండి, బిస్కెట్ రంగుకు తిరిగిన గడ్డి. బోర్డు మీద బట్టమేక పిట్ట బొమ్మ పెద్దదిగా ఉంది. అక్కడున్న కాపలా మనిషి మా వాడి నోటుబుక్కు చూసి నవ్వి, "పిట్ట లేదు సామీ. అగుపడి చానా ఏండ్లయింది. జింకలుండాయి, చూసుకోపో" అన్నాడు.

ఆ మాట ముందే తెలిసినా, గేటు దగ్గర అంత మామూలుగా వినేసరికి వాడి మొహం చిన్నబోయింది.

కావలి మంచె ఎక్కాం. నాయన కిందే ఉండిపోయాడు. కృష్ణజింకలు మాత్రం ఎంచక్కా కనిపించాయి. ఆడవాటివి, పిల్లలవి గోధుమ రంగు వీపులు గడ్డిలో కలిసిపోయి, కదిలితే తప్ప తెలియవు. మగది ఒకటి ఎదురుగా నిలబడింది. పైన నల్లగా, కడుపు కింద సున్నం కొట్టినట్టు తెల్లగా, మెలికలు తిరిగిన కొమ్ములు. ఏం చప్పుడైందో గానీ మంద మొత్తం ఒకేసారి పరుగందుకుంది. పరుగెత్తుతూ ఊరికే గాల్లోకి లేస్తాయవి, దాటడానికి ఏ అడ్డం లేకపోయినా. చుట్టుపక్కల రైతులకు ఇదే జింక తలనొప్పి. రాత్రికి కంచె దాటి శనగ చేలో పడుతుంది.

దిగొచ్చాక నాయన గట్టు మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. "మూడడుగుల పిట్టరా. తలమీద నల్ల టోపీ, తెల్ల మెడ. చేతులు వెనక్కి కట్టుకుని ఊరి పెద్ద నడిచినట్టు నడుస్తుంది. వానాకాలంలో పుంజు మెడ కింద సంచి ఉబ్బించుకుని, అది నేలకు వేలాడేటట్టు నిలబడి, ఊమ్మ్... అని మూలుగుతుంది. మా కొట్టంలోకి వినపడేది." ఆ మూలుగు ఆయన చేసి చూపించాడు. చిన్నది పడీ పడీ నవ్వింది. పెద్దాడు మాత్రం ప్రాజెక్టు పుస్తకంలో చదివింది గుర్తొచ్చి, "ఏడాదికి ఒకటే గుడ్డు పెడుతుందంట కదా అబ్బా?" అన్నాడు. మా వైపు తాతను అబ్బ అంటాం.

"ఒకటే. గూడు గీడు ఏం ఉండదు, ఒట్టి నేల మీదే. మా నాయన దున్నేటప్పుడు గుడ్డు కనబడితే అంత మేర వదిలేసి చుట్టూ సాలు తిప్పేవాడు."

"అందరూ వదిలేసేవాళ్లా?"

నాయన కాసేపు ఊరకున్నాడు. "లేదురా. కొందరు పిట్టనే కొట్టుకుని తిన్నారు. మేం కూడా ఒకసారి తిన్నాం" అన్నాడు. వాడు ఏమీ అనలేదు. రాసుకోనూ లేదు.

దేశం మొత్తం మీద ఈ పిట్టలు ఇప్పుడు 150 లోపేనని అంచనా. చాలావరకు జైసల్మేర్ చుట్టుపక్కలే. అక్కడ గుడ్లు తెచ్చి పొదిగించి పిల్లలను పెంచుతున్నారు. అంటే మా వాడు ప్రాజెక్టులో రాసింది తప్పేం కాదు.

వెళ్లిపోదామనుకుంటుండగా ఆకాశంలో ఒక గద్ద కనిపించింది. తర్వాత మూడు. పొద్దు వాలేకొద్దీ ఎటు చూసినా అవే. పిల్లిగద్దలు. మధ్య ఆసియా గడ్డి మైదానాల నుంచి చలికాలానికి ఇక్కడికొస్తాయి. పగలంతా చేల మీద మిడతల కోసం తిరిగి, చీకటి పడే ముందు ఈ గడ్డిలో దిగి పడుకుంటాయి. చెట్టు మీద కాదు, నేల మీద. రెక్కలు V ఆకారంలో ఎత్తి పట్టి, రెక్క ఆడించకుండా గడ్డి పైపైనే తేలుతూ వచ్చి, ఉన్నట్టుండి కాళ్లు దించి మాయమవుతాయి. వాడు 34 దాకా లెక్కపెట్టి, చీకట్లో ఆపేశాడు.

రాత్రి నంద్యాలలో ఉండాలనుకున్నవాళ్లం, ఆ చీకట్లో కొత్త దారి ఎందుకని తిరిగి కర్నూలొచ్చి మా ఇంట్లోనే పడుకున్నాం. "యాత్ర మొదటి రాత్రి బస బాగుంది, మంచం అలవాటైనట్టుంది" అంది మా ఆవిడ.

రెండో రోజు

ఈసారి ఐదింటికే లేచాం. 44వ నంబరు హైవే మీద డోన్ దాటి ఒక చిన్న హోటల్లో ఉగ్గాని, బజ్జీ. సీమ బయటివాళ్లకు ఉగ్గాని అంటే ఏమిటో ప్రతిసారీ చెప్పాల్సి వస్తుంది: బొరుగులు నీళ్లలో ముంచి పిండి, ఉల్లిగడ్డ పచ్చిమిరప తాలింపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే దానికి అర్థం లేదు. చల్లారిందా, తినలేం.

గుత్తి దగ్గర హైవే వదిలి పత్తికొండ దారి పట్టాం. ఎర్రగుడి అశోకుడి శాసనాలు ఈ దారిలోనే. గుండ్ల మీద బ్రాహ్మీ లిపి, దాదాపు 2,250 ఏళ్ల కిందటిది. 1929లో వెలుగులోకి వచ్చాయి. మెట్లున్నాయి, నాయన మెల్లగా ఎక్కాడు. రాతి మీద అక్షరాలు ఎండ ఏటవాలుగా పడితేనే కనిపిస్తాయి, పొద్దున్నే రావడం మంచిదైంది. ఇక్కడి చిన్న శాసనంలో ఒక చిత్రముంది. కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి చెక్కారు. ఎట్లా చెక్కారో ఎవరికైనా చెప్పాలంటే నేను బొమ్మ గీయాల్సి వచ్చేది. నాయన ఒక్క మాటలో తేల్చాడు: "ఎద్దులను సాలు చివర మలిపినట్టు రాసినాడు." చేతిలో కర్రతో గాల్లో గీసి చూపించాడు కూడా, పోయి, మలిపి, వెనక్కి వచ్చి.

పెద్ద శాసనాల్లో ఒకదానిలో మనుషులకూ పశువులకూ దారుల వెంట బావులు తవ్వించాను, చెట్లు నాటించాను అని చెప్పుకున్నాడు ఆ రాజు. చుట్టూ చూస్తే ఆ మాట ఎక్కడ చెక్కించాలో బాగా తెలిసి చెక్కించాడనిపిస్తుంది.

గుంతకల్లు, వజ్రకరూరు. వజ్రాల ఊరు. తొలకరి వానకు మట్టి కొట్టుకుపోతే వజ్రాలు పైకి తేలుతాయని జూన్‌లో ఎక్కడెక్కడి జనమో వచ్చి చేలల్లో వంగి వెతుకుతారు. జనవరిలో ఏం లేదు, వేరుశనగ పీకేసిన చేలు తప్ప. చిన్నది కారు దిగి రెండు గులకరాళ్లు ఏరుకుని జేబులో వేసుకుంది. అవి వజ్రాలు కావని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఉరవకొండ దాటి కణేకల్లు వైపు పోతుంటే మాటల్లో కన్నడం కలుస్తూ వచ్చింది. బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట.

వరి, మిరప, కొబ్బరి చెట్లు, మామూలు ఊరే. ఒక మలుపు తిరిగాక ఎదురుగా ఇసుక కొండ. అచ్చం ఫొటోల్లో చూసే రాజస్థాన్ తిన్నెలాగా, అంచు కత్తిలా తీరి, ఒక పక్క నునుపు, ఇంకో పక్క జారుడు. పిల్లలిద్దరూ చెప్పులు కారులోనే వదిలి పరిగెత్తారు. ఇసుక మీద వేళ్లతో దువ్వినట్టు అలలు. ఆ అలల మీద ఏదో పురుగు నడిచిన జాడ, రెండు వరసల చుక్కలు, కుట్టుమిషన్ మీద కుట్టినట్టు. మా వాడు ఆ జాడ పట్టుకుని పాకుతూ పోయి ఒక పొద దగ్గర దాన్ని పట్టుకున్నాడు. నల్ల పెంకు పురుగు. "చూసినవి" వరసలో ఆ రోజు మొదటి ఎంట్రీ అదే.

ఫొటో బాగా రావాలని నేను కారును ఇంకాస్త ముందుకు తోలాను. ఇక్కడే బుద్ధి గడ్డి తిన్నది. ముందు చక్రాలు కసుక్కున దిగాయి. వెనక్కి తీద్దామని గట్టిగా తొక్కితే సగం టైరు మునిగింది. టెన్షన్‌లో ఇంకోసారి తొక్కాను. అంతే, కారు కడుపు ఇసుకకు ఆనింది. మా ఆవిడ ఏమీ అనలేదు. అనకుండా చూసింది.

గట్టు మీద గొర్రెలు తోలుకుపోతున్న ఇద్దరు వచ్చారు. "యాడికి తోలినావప్పా కారు, బీచ్ అనుకుంటివా?" అన్నాడు ఒకాయన. ఊళ్లోంచి ఇంకో ముగ్గురు. ముందు నన్ను సీట్లోంచి దింపారు. నాలుగు టైర్లలో గాలి సగం తీశారు. చక్రాల ముందు ఇసుక చేతులతోనే తోడి, ఎక్కడిదో ఎండిన కందికట్టె తెచ్చి పరిచారు. "తొక్కొద్దు, ఊరికే వదులు" అని చెప్పి, అందరూ కలిసి వెనక్కి నెట్టారు. పది నిమిషాల పని. డబ్బిస్తే తీసుకోలేదు, టీకి రమ్మంటే మాత్రం వచ్చారు.

టీ దగ్గర ఒక అవ్వ చెప్పింది: "ఇది దేవుడు పోసిన ఇసుక కాదు నాయనా. ఏట్లోది." హగరి అని ఇక్కడంటారు, పుస్తకాల్లో వేదవతి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండే ఉంటుంది. ఆషాఢంలో పడమటి గాలి మొదలైతే ఆ ఒట్టి ఏట్లోంచి ఇసుక లేచి చేల మీద పడుతుంది. "నిన్న ఉన్న గెనిమ ఈ పొద్దు ఉండదు. అన్నం తింటాంటే కంచంలో పడ్తది. తలుపేసుకుని తింటాం" అంది. దిబ్బ ముందుకు జరక్కుండా చెట్లు నాటడం, కంపలు నాటడం జరుగుతూనే ఉందట. ఆమె చేను ఒకటి దిబ్బ కిందకు పోయింది. ఎక్కడో చూపిస్తానని మా వాణ్ణి తీసుకుపోయి, ఇసుకలోంచి జానెడు బయటికొచ్చిన కంచె రాయి చూపించింది.

జైసల్మేర్‌లో ఏడాదికి 200 మిల్లీమీటర్లు కూడా పడదు. అనంతపురంలో 550 దాకా పడుతుంది. దేశంలో దాని తర్వాత మాదే అని మేం చెప్పుకుంటాం గానీ రెండింటికీ మధ్య చాలా దూరం ఉంది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు పిండేసుకుంటాయి, ఈశాన్యం ఇంత లోపలికి వచ్చేసరికి అలిసిపోతుంది. ఆ మిగిలిన వాన కూడా రావలసినప్పుడు వస్తే హొన్నూరు అవ్వలాంటివాళ్లు బతికేస్తారు. ఇసుక మాత్రం వాన కొరత వల్లే వచ్చింది కాదు, ఏరు ఎండి, గాలి వీచి వచ్చింది. మా వాడు దీన్ని "చూసినవి"లో ఎడారి అని రాయాలా వద్దా అని చాలాసేపు తర్జనభర్జన పడి, చివరికి "ఇసుక దిబ్బ (ఏటిది)" అని రాశాడు.

టైర్లకు గాలి పట్టే చోటు దొరికేదాకా 20 కిలోమీటర్ల వేగంతో పాకాం. అనంతపురం చేరేసరికి రాత్రి తొమ్మిది. లాడ్జిలో వేడినీళ్లన్నారు, రాలేదు. తలల్లో ఇసుకతోనే పడుకున్నాం.

మూడో రోజు

తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి గోపురాల మీది చెక్కడం గురించి ఒక రోజంతా రాయొచ్చు. మేం గంటే ఉన్నాం. పిల్లలు ఆకలన్నారు.

బెలూం గుహలు కొలిమిగుండ్ల మండలంలో. జిల్లాలు విడగొట్టాక నంద్యాలకు పోయాయి. 2022 నుంచి నాయనకు ఇదొక కోపం. రోళ్లపాడూ పోయింది, బెలూమూ పోయింది, యాగంటీ పోయింది, మనకేం మిగిలింది, కొండారెడ్డి బురుజా? అని. బిలం అనే మాటే బెలూం అయిందంటారు. పైనుంచి చూస్తే సాదాసీదా సున్నపురాయి బీడు. నేలలో బావి లాంటి గుంత. మెట్లు దిగితే 3,229 మీటర్ల గుహ, అందులో సుమారు కిలోమీటరున్నర మనకు తెరిచి ఉంచారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త దీని గురించి రాసిపెట్టాడు. తర్వాత దాదాపు వందేళ్లు ఎవరికీ పట్టలేదు, చుట్టుపక్కల ఊళ్ల చెత్త ఇందులో పడేది. 1980ల్లో జర్మన్ గుహాన్వేషకులు వచ్చి కొలిచాక మనకు దీని విలువ తెలిసింది. 2002లో జనానికి తెరిచారు.

బయట చలిగాలి, లోపల చెమట. గొట్టాల ద్వారా గాలి పంపిస్తారు, అయినా చొక్కా వీపుకు అంటుకుపోతుంది. గోడలు నీళ్లు కోసిన తీరులో ఉన్నాయి, ఎవరో బంకమట్టిని బొటనవేలితో నొక్కి నొక్కి చేసినట్టు. పైన చుక్క నీరు లేని సీమ, కింద ఇంత రాతిని నీరే తొలిచిన దారి. పాతాళగంగ దగ్గర సన్నటి ధార, ఎక్కడికో దిగిపోతుంది. మా వాడు అక్కడ వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని అమ్మ చేత తిట్లు తిన్నాడు. నాయన లోపలికి రాలేదు. పైన పెద్ద బుద్ధ విగ్రహం దగ్గర కూర్చుని పల్లీలు ఒలుచుకుంటూ ఉన్నాడు. మేం చెమటలు కక్కుతూ బయటికొస్తే, "కింద ఏముంది?" అన్నాడు. "నీళ్లు" అంది చిన్నది.

జమ్మలమడుగు మీదుగా గండికోట చేరేసరికి నాలుగున్నర. కారు నేరుగా కోట లోపలికి పోతుంది. ఊరు ఇంకా కోటలోనే ఉంది, మేకలు, పిల్లలు, గడ్డివాములు. మాధవరాయ స్వామి గుడి గోపురం, జుమ్మా మసీదు, వాటి దగ్గరే ధాన్యపు కొట్టు. పెమ్మసాని నాయకుల కాలపు కోట. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే వచ్చేసరికి ఇది గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతిలో ఉంది. ధాన్యపు కొట్టు ఎంత పెద్దదంటే నాయన గుమ్మంలోనే ఆగిపోయి, "ధాత కరువులో ఇది నిండి ఉంటే?" అన్నాడు. 1876లో వచ్చిన ఆ కరువు మా ఇంట్లో ఇప్పటికీ మాటల్లో ఉంది. నాయన వాళ్ల అవ్వ, ఆమె అత్త దగ్గర విన్నది.

లోయ అంచుకు పోవాలంటే గుండ్ల మీద ఎక్కి దిగాలి. రెయిలింగు లేదు. మూడొందల అడుగుల లోతున్న గండి, అంచున సెల్ఫీలు. మా ఆవిడ తన చున్నీ ఒక కొస చిన్నదాని మణికట్టుకు, ఇంకో కొస తన నడుముకు కట్టేసుకుంది. చూసినవాళ్లు నవ్వారు. మాకేం.

అంచున కూర్చుని చూస్తే రాయి ఒకే రాయి కాదు. ఇటుకలు పేర్చినట్టు పొరలు పొరలుగా, పగుళ్లు సూటిగా నిలువునా. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన చోటు. అది కోసిన గండి వల్లే గండికోట. కింద నీళ్లు కదలకుండా పచ్చగా ఉన్నాయి, దిగువన మైలవరం జలాశయం వెనక్కి తన్నిన నీళ్లు. ఎండ దిగేకొద్దీ ఎదుటి గోడ ఎరుపు మారుతూ వచ్చింది. ముందు ఇటుక, తర్వాత పండు మిరప, చివర్లో కాసేపు కుంకుమ. జనమంతా దీన్ని అమెరికా లోయతో పోలుస్తారు, బోర్డుల మీద కూడా. నాకెందుకో ఆ పోలిక నచ్చదు. ఇది చిన్నది. ఎదుటి గట్టు మీద మేకల గంట ఇక్కడికి వినిపిస్తుంది. అదే దీని అందం.

నాలుగో రోజు

పొద్దున్నే లేచి సూర్యోదయం చూద్దామని అందరం తీర్మానించాం. నాయన ఒక్కడే లేచాడు. మేం లేచేసరికి ఆయన పోయి, చూసి, ఊళ్లో టీ తాగి, ఎవరింట్లోనో కొర్రల ధర అడిగి వచ్చాడు.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కడప. ప్రొద్దుటూరులో మా ఆవిడ బంగారం కొట్లవైపు చూడకుండా పోవాలన్నాను, చూసింది, కొనలేదు. కడపలో కారం దోసె: దోసె మీద ఎర్రకారం పూసి, పప్పుల పొడి చల్లి, వెన్న రాసి. మధ్యాహ్నం అత్తగారింట్లో రాగి సంగటి, నాటుకోడి పులుసు. ఆ తర్వాత ఎవరూ ఎటూ కదల్లేదు.

ఐదో రోజు

మా వాడు మాత్రం మర్చిపోలేదు. "చూడాల్సినవి" పక్కన బట్టమేక కొట్టివేత లేకుండా అట్లే ఉంది, దాని కింద కలివికోడి.

సాయంత్రం భాకరాపేట దగ్గర హైవే వదిలి, పెన్న దాటి సిద్ధవటం వెళ్లాం. కోట చూశాం, ఏటిని ఆనుకుని ఉన్న పొడుగాటి గోడ. ఆ తర్వాత బద్వేలు దారిలో కొంత దూరం. కుడీ ఎడమా ముళ్ల తుప్పలు, ఎర్రమట్టి, వెనక లంకమల కొండలు. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి కలివికోడి. జెర్డాన్ అనే ఆంగ్లేయుడు 1848లో దీన్ని లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిపోయిందనుకున్నారు. 1986లో, ఇట్లాంటి జనవరిలోనే, ఇక్కడి రెడ్డిపల్లె దగ్గర ఊరి మనిషి ఒకాయన రాత్రి టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. పరిశోధకులు తెలుసుకునేలోపే, 86 ఏళ్లుగా లేదనుకున్న పిట్ట ఒక పల్లెటూరి మనిషి చేతిలో ఉంది. దాని కోసమే ఈ అడవిని అభయారణ్యం చేశారు, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. తర్వాత మళ్లీ ఏళ్ల తరబడి కనపడకుండా పోయింది.

లోపలికి పోవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి, మాకు లేదు. రోడ్డు పక్కనే కారు ఆపి, దీపాలు ఆర్పి కూర్చున్నాం. సందె చీకటి. ఈ పిట్ట చీకట్లోనే తిరుగుతుంది, పొద్దు మునిగాక కాసేపు రెండక్షరాల కూత కూస్తుందని చదివాను. ఫోన్లో దాని కూత వినిపించి పిలుద్దామన్నాడు వాడు. వద్దన్నాను, ఉన్న ఒకటో రెండో పిట్టలను మోసం చేయడమెందుకు. కీచురాళ్లు మొదలయ్యాయి. దూరంగా ఒక లారీ. ఒక నక్క రోడ్డు దాటుతూ ఆగి మమ్మల్ని చూసి, పెద్దగా పట్టించుకోకుండా పోయింది.

అరగంట గడిచాక నాయన నెమ్మదిగా అన్నాడు, "రాయి. బట్టమేక పిట్టను 'చూసినవి'లో రాయి. నేను చూసినా కదా."

"నువ్వు చూసింది నా బుక్కులో ఎట్ల రాస్తా అబ్బా?"

"నా కళ్లకూ నీ కళ్లకూ తేడా ఏముందిరా?"

వాడు ఫోన్ వెలుగులో నోటుబుక్కు తెరిచి, పెన్ను నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించి, పేజీ చివర కొత్తగా గీత కొట్టాడు. "అబ్బ చూసినవి." దాని కింద బట్టమేక పిట్ట అని రాసి, బ్రాకెట్లో "తిన్నారు కూడా" అని చేర్చాడు. నాయన కళ్లద్దాలు లేవు, చదవలేకపోయాడు. ఏం రాశావని అడిగితే వాడు చెప్పలేదు.

మా ఆవిడ ఫోన్ మోగింది. అత్తగారు. "చీకటి పడ్తే ఆ అడివిలో ఏం చేస్తాండారు మీరు? సంగటి చల్లారిపోతాంది, రాండి."